బీపీ మాత్ర రక్తనాళాల్లోని కాల్షియాన్ని కరిగిస్తుందా?

నమస్కారం. కడపలో ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వాడేవారి ఇళ్లలో నాకు తరచుగా రెండు మాటలు వినిపిస్తాయి. ఆ మాత్ర రక్తనాళాల్లో గట్టిపడిన కాల్షియాన్ని కరిగిస్తుందని కొందరు, కణాల్లోకి పోనివ్వని కాల్షియమంతా నాళాల్లోనే పేరుకుంటుందని మరికొందరు అంటారు. రెండూ తప్పే. రెండో మాట నన్ను ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే ఆ భయంతోనే మాత్ర మానేసేవారున్నారు.

మన కె.సి. కెనాల్‌నే, అంటే కర్నూలు-కడప కాలువనే తీసుకుందాం. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మళ్లి కడప దాకా వచ్చే ఆ నీరు రక్తంలోని కాల్షియం అనుకుంటే, మడిలోకి నీరు వదిలే తూము కాల్షియం ఛానెల్, అంటే కణపు పొరలో కాల్షియం లోపలికి వెళ్లే దారి; ఆ మడి నాళపు గోడలోని కండర కణం. కణం లోపలికంటే బయట కాల్షియం సుమారు 10,000 రెట్లు ఎక్కువ కనుక, తూము తెరుచుకోగానే అది లోపలికి ఉరికి, కాల్‌మాడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలిసి కండరాన్ని బిగింపజేస్తుంది. నాళం ఇరుకై రక్తపోటు పెరుగుతుంది. మాత్ర చేసేదల్లా ఆ తూమును కొంత మూయడమే.

మడి తూము సగం దించినంత మాత్రాన కాలువ పొంగదు. కణంలోకి వెళ్లే కాల్షియం అంత స్వల్పం. రక్తంలో దాని మట్టాన్ని డెసీలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలిపేవి పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి, మూత్రపిండాలు, ఎముకలు. కాబట్టి ఈ మాత్ర వేసుకుంటున్నామని రాగి సంగటి, పాలు మానవలసిన అవసరం లేదు.

గోడల్లో గట్టిపడేది కాలువలోని పూడిక వంటిది; తూము దించితే పూడిక పోదు. అయితే కాలువలో పూడిక దానంతటదే దిగుతుంది, నాళంలో మాత్రం మధుమేహం, మూత్రపిండాల జబ్బు వంటి కారణాలతో దెబ్బతిన్న కండర కణాలు ఎముక కణాల లక్షణాలు తెచ్చుకుని, కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు ఏర్పడేందుకు తామే చోటిస్తాయి. ఈ మొత్తం విషయంలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఇదే.

సమయం తక్కువగా ఉంది కనుక మిగతావి త్వరగా చెబుతాను. గుండె రక్తనాళాల్లో గట్టిపడిన కాల్షియం ఎంతో సీటీ స్కాన్‌లో చూసి చెప్పే కాల్షియం స్కోరును తగ్గించడానికి ఈ మాత్ర ఇవ్వరు. కొలెస్ట్రాల్ తగ్గించే మందులైన స్టాటిన్లు గుండెపోటు ముప్పును తగ్గిస్తూనే ఆ స్కోరును కొంత పెంచవచ్చు, అప్పుడు కంగారుపడి వాటిని ఆపకూడదు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి వచ్చే పాదాల వాపు కూడా కాల్షియం కాదు. సన్నని ధమనులు వదులై, వాటి తరువాతి కేశనాళికల నుంచి ఊరిన నీరు. వాపు కనిపిస్తే డాక్టరుగారికి చెప్పండి, మోతాదు తగ్గించడమో మందు మార్చడమో వారు చూస్తారు.