డీజిల్‌కి హైబ్రిడ్ ఎందుకు కలిసిరాలేదు?

[బెంజి సర్కిల్, సాయంత్రం. ఫ్లైఓవర్ కింద ఆగిన కార్లు]

చూడండి, రెడ్ లైట్ పడింది. ముందున్న డీజిల్ కారు గడగడమంటూనే ఉంది. పక్కనున్నది పెట్రోలు హైబ్రిడ్, అంటే ఇంజన్‌తో పాటు బ్యాటరీ, మోటారు కూడా ఉన్న కారు. అందులో చప్పుడే లేదు, ఇంజన్ ఆగిపోయింది. మైలేజీ అంటే డీజిలే అని ఇన్నేళ్లూ నమ్మాం కదా, మరి హైబ్రిడ్లన్నీ దాదాపు పెట్రోలువే ఎందుకు?

[కొబ్బరిబోండం, స్ట్రా]

స్ట్రాని మధ్యలో వేళ్లతో నొక్కిపట్టి నీళ్లు తాగండి. బుగ్గలు లాగేస్తాయి, వచ్చేది చుక్కే. ట్రాఫిక్‌లో పెట్రోలు ఇంజన్ పడే పాట్లు ఇవే. గాలి వెళ్లే దారిలో థ్రోటిల్ అనే రేకు ఉంటుంది. యాక్సిలరేటర్ కొంచెమే నొక్కితే అది దాదాపు మూసుకునే ఉంటుంది. ఆ సందులోంచి గాలి లాగడానికే ఇంజన్ బలం కొంత పోతుంది. డీజిల్‌కి ఈ బాధ లేదు. గాలి నిండా పీల్చుకుని, అవసరమైనంత డీజిలే చిమ్ముకుంటుంది. అందుకే నత్తనడకలోనూ పెద్దగా తాగదు.

బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని హైబ్రిడ్ కారు బ్యాటరీలోకి పడుతుంది. ఈ లాభం రెండింటికీ ఉంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇంజన్ ఆపి మోటారుతో నడపడం మాత్రం ముఖ్యంగా పెట్రోలు రోగానికి మందు. ఆ రోగం లేని డీజిల్‌కి అదే మందు పోస్తే ఖర్చుకి తగ్గ గుణం కనిపించదు.

పైగా పెట్రోలు హైబ్రిడ్లలో అట్కిన్సన్ పద్ధతి వాడతారు. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకోవడంతో పీల్చిన గాలి కొంత వెనక్కి పోతుంది. గాలిని నొక్కే దూరం తక్కువ, మండాక పిస్టన్‌ని తోసే దూరం ఎక్కువ. ఇంజన్ బలం తగ్గుతుంది గానీ ఆ లోటు మోటారు పూడుస్తుంది. 2015 టయోటా ప్రియస్ ఇంజన్ ఇలాగే పెట్రోలులోని శక్తిలో 40 శాతం దాకా పనిగా మార్చగలిగింది.

[ఆటోనగర్. లిఫ్టు మీద కారు, కింద సైలెన్సర్]

డీజిల్‌కి అసలు తలనొప్పి ఇక్కడుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే పొగ కాలుష్య నియమాలు వచ్చాక మసి పట్టే ఫిల్టరు, డీపీఎఫ్, తప్పనిసరిలా అయింది. పట్టిన మసి కాలిపోవాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. టౌన్లోనే తిరిగే మామూలు డీజిల్ కార్లకే ఫిల్టరు నిండిందని చెప్పే లైటు వెలిగి టెన్షన్ పెడుతుంది. ఇక హైబ్రిడ్‌లో ఇంజన్ మాటిమాటికీ ఆగితే ఫిల్టరు చల్లారిపోతుంది, మసి ఎలా కాలుతుంది?

ఎవరూ ప్రయత్నించలేదని కాదు. యూరప్‌లో ప్యూజో 3008, వోల్వో వీ60 డీజిల్ హైబ్రిడ్లు అమ్మాయి. మన దగ్గర 2015లో మారుతి సియాజ్ డీజిల్‌కి చిన్న మోటారు తగిలించింది. కారుని ఒంటరిగా నడిపేంత బలం దానికి లేదు. 2020లో మారుతి డీజిల్ కార్లే మానేసింది.

[హైదరాబాద్ హైవే]

రోజూ ఈ రోడ్డు మీద బరువేసుకుని తిరిగేవాళ్లకి హైబ్రిడ్ లేని మామూలు డీజిలే మేలని నా లెక్క. ఒకే స్పీడులో పోయేచోట మోటారుకి పనే తక్కువ.

బెంజి సర్కిల్ నుంచి మంగళగిరి ఆఫీసుకి తిరిగేవాళ్లు మాత్రం కాగితం తీయండి. నెలకి 1000 కిలోమీటర్లు అనుకుందాం. 15 మైలేజీ కారుకి దాదాపు 67 లీటర్లు, 23 ఇచ్చేదానికి 44 లోపే. మిగిలే 23 లీటర్లని ఇవాళ్టి బంకు రేటుతో గుణించండి. హైబ్రిడ్‌కి అదనంగా పెట్టే డబ్బుని దాంతో భాగించండి. వచ్చిన నెలలు అయిదేళ్లు దాటితే నేనైతే కొనను.