ప్రిన్సిపాల్ మీ వ్యాసాన్ని ఆపేస్తే: అమెరికా పబ్లిక్ స్కూళ్లలో విద్యార్థుల పత్రికా స్వేచ్ఛ

నమస్కారం. అమెరికాలోని పబ్లిక్ స్కూల్లో చదువుతూ అక్కడి విద్యార్థి పత్రికకు రాస్తున్న తెలుగు పిల్లల కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఈ వీడియో చేస్తున్నాను. పిల్లల వ్యాసాన్ని ప్రిన్సిపాల్ ఆపేశారని తెలిసినప్పుడు "బడి వాళ్లది, పత్రిక వాళ్లది, మనమేం చేస్తాం" అని ఊరుకుంటాం. ఆ మాటలో కొంత నిజం ఉంది, కానీ అంతా నిజం కాదు.

ముందుగా ఒక స్పష్టత అవసరం. మన దగ్గర పబ్లిక్ స్కూల్ అని బోర్డు పెట్టుకున్నవి చాలావరకు ప్రైవేటు బడులే. అమెరికాలో మాత్రం ఆ మాటకు ప్రజల పన్నులతో నడిచే సర్కారు బడి అని అర్థం. వాక్, పత్రికా స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని కనుక, ఆ హక్కును ప్రైవేటు బడిలో అడగడం కుదరదు.

1965 డిసెంబరులో అయోవా రాష్ట్రంలోని డి మోయిన్‌లో, 13 ఏళ్ల మేరీ బెత్ టింకర్, ఆమె అన్న జాన్, మరికొందరు వియత్నాం యుద్ధ మృతులకు సంతాపంగా చేతికి నల్ల పట్టీ కట్టుకుని బడికి వెళ్తే వారిని సస్పెండ్ చేశారు. 1969 ఫిబ్రవరి 24న సుప్రీంకోర్టు 7-2 తేడాతో పిల్లల పక్షాన నిలిచి, బడి గేటు దాటినంత మాత్రాన విద్యార్థి తన వాక్ స్వాతంత్ర్యాన్ని వదులుకున్నట్టు కాదని చెప్పింది. చదువుకు గణనీయమైన ఆటంకం కలుగుతుందని సహేతుకంగా చూపించగలిగితేనే బడి ఆ మాటను ఆపవచ్చు. నచ్చలేదన్న కారణం చాలదు.

మౌనంగా ఉండే హక్కు అంతకుముందే, 1943లో, జెండా వందనం చేయని పిల్లల విషయంలో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బార్నెట్ తీర్పుతో వచ్చింది. జాతీయగీతం సమయంలో లేచి నిలబడినా పాడలేదని కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపేసినప్పుడు, 1986లో మన సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమని ఆదేశిస్తూ ఆ బార్నెట్ తీర్పును ప్రస్తావించింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి అని ఇక్కడ చెప్పకుండా ఉండలేను.

ఇక పత్రికల సంగతి. ఇక్కడ నల్ల పట్టీ నియమం నేరుగా పనిచేయకపోవచ్చు. 1983 మే నెలలో మిస్సోరీలోని హేజల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్లో, జర్నలిజం తరగతి విద్యార్థులు తెచ్చే 'స్పెక్ట్రమ్' పత్రిక ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు సరిచూసే పేజీలు, ప్రిన్సిపాల్ బల్ల మీదికి వచ్చాయి. ఒక కథనం ముగ్గురు గర్భవతులైన విద్యార్థినుల అనుభవాల గురించి. పేర్లు మార్చినా వారెవరో తెలిసిపోతుందని ఆయన భయపడ్డారు. మరొకటి తల్లిదండ్రుల విడాకుల గురించి. మార్పులు చేయించడానికి వ్యవధి లేదని భావించి, ఆ రెండు కథనాలున్న రెండు పేజీలనూ మొత్తంగా తీసేయించారు. ఆరు పేజీల సంచిక నాలుగు పేజీలతో వచ్చింది. ఏ అభ్యంతరమూ లేని కథనాలు కూడా వాటితో పాటే పోయాయి. 1988లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో, తరగతిలో భాగంగా వెలువడే పత్రికను న్యాయమైన బోధనా కారణాలుంటే బడి నియంత్రించవచ్చని చెప్పింది. నా అభిప్రాయంలో ఇది పిల్లలకు అన్యాయం చేసిన తీర్పు, ఎందుకంటే "బోధనా కారణం" అన్న సంచిలో ఇబ్బందికరమైన ఏ వార్తనైనా వేసేయవచ్చు.

అయితే రెండు దారులు మిగిలే ఉన్నాయి. విధానం వల్ల గానీ ఆచారం వల్ల గానీ ఏది అచ్చు వేయాలో నిర్ణయించే అధికారాన్ని బడి విద్యార్థులకే వదిలేసి ఉంటే, ఆ పత్రికకు హేజల్‌వుడ్ తీర్పు కాకుండా టింకర్ తీర్పే వర్తిస్తుందని వాదించవచ్చు. అందుకే మీ స్కూల్ డిస్ట్రిక్ట్ నియమావళిలో విద్యార్థి ప్రచురణల అధ్యాయాన్ని ఇప్పుడే చదివి పెట్టుకోండి. రెండోది రాష్ట్ర చట్టం. కాలిఫోర్నియాలో 1977 నుంచి, న్యూజెర్సీలో 2021లో వచ్చిన చట్టంతో, అశ్లీలత, పరువునష్టం, చట్టవిరుద్ధమైన పనికి ప్రేరేపణ వంటి కొద్దిపాటి కారణాలకే బడి కథనాన్ని ఆపగలదు. అందుకే అదే వ్యాసానికి ఒక రాష్ట్రంలో ఉన్న రక్షణ మరో రాష్ట్రంలో ఉండకపోవచ్చు.

వ్యాసం ఆగితే, ఏ వాక్యం ఏ నియమానికి విరుద్ధమో రాతపూర్వకంగా చెప్పమని ప్రిన్సిపాల్‌కు మర్యాదగా ఈమెయిల్ పంపండి. ఆ జవాబును, తేదీలున్న ప్రూఫు పేజీలను భద్రపరచండి. విద్యార్థి విలేకరులకు ఉచితంగా న్యాయసలహా ఇచ్చే స్టూడెంట్ ప్రెస్ లా సెంటర్ 1974 నుంచి ఉంది. గొడవ ముదరకముందే వారికి రాయండి.

అదే వ్యాసాన్ని సొంత కంప్యూటర్‌తో, బడి సమయం కాని వేళ, సొంత వెబ్‌సైటులో పెట్టడం కూడా ఒక మార్గమే. వారాంతంలో, బడి బయట స్నాప్‌చాట్‌లో పెట్టిన ఒక పోస్టుకు చీర్‌లీడింగ్ జట్టు నుంచి ఏడాది పాటు సస్పెండైన విద్యార్థిని కేసులో, 2021లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో ఆమె పక్షాన తీర్పునిచ్చింది. బెదిరింపులకు, తోటి పిల్లల వేధింపులకు మాత్రం ఆ రక్షణ వర్తించదు. పరువునష్టం దావా భయం కూడా ఇంటి నుంచి రాసినంత మాత్రాన పోదు కనుక, పెట్టేముందు ప్రతి పేరునూ, ప్రతి వాస్తవాన్నీ మరోసారి సరిచూసుకోండి.