82.98 మీటర్లు: హ్యామర్ త్రో రాణి అనీతా వొదార్చిక్

[దృశ్యం: బెర్లిన్ స్టేడియం, 2009]

ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో 24 ఏళ్ల పోలండ్ అమ్మాయి 77.96 మీటర్లు విసిరింది. ప్రపంచ రికార్డు! ఆ సంబరంలో గంతులేస్తుంటే కాలు మడతపడింది. అయినా స్వర్ణం ఆమెదే. రావిచ్ అనే ఊళ్లో పుట్టిన అనీతా వొదార్చిక్ పేరు ప్రపంచానికి అలా తెలిసింది.

[గ్రాఫిక్: వలయం, తీగ, గుండు]

ఈ ఆట ఎంత కష్టమో ముందు చూద్దాం. మహిళల హ్యామర్ బరువు 4 కిలోలు. తీగకు ఒక చివర గుండు, రెండో చివర పిడి. 2.135 మీటర్ల వలయంలోనే గిర్రున తిరిగి వదలాలి. 80 మీటర్లు వెళ్లాలంటే, చేతిలోంచి జారేటప్పుడు గుండు వేగం గంటకు దాదాపు 100 కిలోమీటర్లు ఉండాలి. అప్పుడు అది మనిషిని బయటికి లాగే బలం సుమారు 180 కిలోల బరువుతో సమానం. ఒట్టి కండబలంతో అయ్యే పని కాదు. వెనక్కి వాలి, ఆ లాగుడుకు ఒంటి బరువునే ఎదురు పెట్టాలి. లయ కాస్త తప్పినా గుండు వలయం చుట్టూ కట్టిన రక్షణ వలలో పడుతుంది.

[దృశ్యం: గ్లౌ తొడిగిన చేయి, దగ్గరగా]

ఈ గ్లౌ వెనక ఒక బాధ ఉంది. 2000 సిడ్నీలో మహిళల హ్యామర్‌కు తొలి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది పోలండ్‌కే చెందిన కమీలా స్కొలిమోవ్‌స్కా. అప్పటికి ఆమెకు 17 ఏళ్లే. 2009 ఫిబ్రవరిలో, పోర్చుగల్ శిక్షణ శిబిరంలో, 26 ఏళ్లకే చనిపోయింది. ఆమె వాడిన గ్లౌ అనీతా చేతికి వచ్చింది. దాన్ని తొడుక్కునే ఆమె పోటీలకు దిగింది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో అనీతాకు దక్కింది రజతం. స్వర్ణం గెలిచిన రష్యా క్రీడాకారిణి తత్యానా లిసెంకో డోపింగ్‌లో దొరికిపోవడంతో, కొన్నేళ్ల తర్వాత ఆ స్వర్ణం అనీతాకు వచ్చింది. 2013 మాస్కో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ ఇదే జరిగింది. పతకం వచ్చింది సరే, పోడియం మీద నిలబడి జాతీయ గీతం వినాల్సిన ఆ రోజును ఎవరు తిరిగి తెచ్చిస్తారు? నాకు ఇప్పటికీ బాధనిపించే విషయం ఇది.

[గ్రాఫిక్: రికార్డుల గీత పైకి లేస్తుంది]

ఇక అక్కడి నుంచి ఆమె పోటీ తనతోనే. 2015 ఆగస్టు 1న, పోలండ్‌లోని త్సెత్‌నియెవోలో 81.08. మహిళల్లో 80 దాటిన తొలి త్రో అదే. 2016 రియోలో 82.29, రెండో స్థానం కంటే ఐదున్నర మీటర్లు ఎక్కువ! ఒలింపిక్ ఫైనల్లో ఇంత తేడానా అనిపిస్తుంది. రెండు వారాలు తిరక్కముందే, కమీలా స్మారకంగా వార్సాలో జరిగిన పోటీలో 82.98. అంత దూరం ఇంకో మహిళ విసరలేదు.

తర్వాత మోకాలి సర్జరీ, 2019 ప్రపంచ పోటీలకు దూరం. అయినా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 78.48తో వరుసగా మూడో స్వర్ణం. ఒలింపిక్ అథ్లెటిక్స్‌లో ఒకే వ్యక్తిగత ఈవెంట్‌ను వరుసగా మూడుసార్లు గెలిచిన తొలి మహిళ ఆమే.

2022లో తన కారు దొంగిలించబోయిన వాణ్ని వెంటపడి పట్టుకుంది. ఆ పెనుగులాటలో తొడ కండరం దెబ్బతిని మళ్లీ సర్జరీ, ఆ ఏడాది సీజన్ పోయింది. 2024 పారిస్‌లో, 39వ పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, మళ్లీ ఒలింపిక్ ఫైనల్లో నిలబడింది. నాలుగో స్థానం. కాంస్యానికి 4 సెంటీమీటర్లు తక్కువ.