డైస్ స్కోరు 0.999, అయినా కొత్త మచ్చ తప్పిపోయింది

[తెర: మెదడు ఫ్లెయిర్ స్కాన్‌లో ఒక పొర. నడుమ నల్లటి వెంట్రికల్స్, అంచుల్లో తెల్ల మచ్చలు.]

ఇది ఫ్లెయిర్ అనే రకం ఎంఆర్ఐ స్కాన్. నల్లగా ఉన్నవి వెంట్రికల్స్, అంటే మెదడు లోపలి గదులు, లోపలంతా నీరు. వాటి అంచున తెల్ల మచ్చలు చూశారా? మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ నరాల మైలిన్ పొర మీదే దాడి చేస్తుంది. ఆ దెబ్బ తగిలిన చోట్లే ఇవి. టీ2 అనే మామూలు ఎంఆర్ఐ స్కాన్‌లో నీరూ తెల్లగానే వస్తుంది, అంచున మచ్చ అందులో కలిసిపోతుంది. ఫ్లెయిర్ నీటి సిగ్నల్‌ను అణిచేస్తుంది, మచ్చ తేలుతుంది.

ఈ మచ్చల్ని గుర్తించడం న్యూరల్ నెట్‌వర్క్‌కి నేర్పిద్దాం.

[తెర: ఒకే పొర, శుభ్రం చేయకముందు, చేశాక.]

స్కానర్ ఇచ్చే డైకామ్ ఫైళ్లను నిఫ్టీ అనే ఫైలు రూపంలోకి మార్చండి. అదే మనిషి టీ1 స్కాన్‌ని (ఇది మరో రకం ఎంఆర్ఐ) ఫ్లెయిర్‌తో సరిగ్గా జోడించండి. పుర్రె తీసేయండి, ఎన్4 అనే పద్ధతితో వెలుగులో హెచ్చుతగ్గులు సరిచేయండి. మెదడు వాక్సెల్స్ (స్కాన్‌లోని చిన్న చిన్న ఘనపు గడులు) వెలుగు సగటు 0, ప్రామాణిక విచలనం 1 అయ్యేలా మార్చండి. పుర్రె తీశాక ప్రతి స్కాన్‌నీ కళ్లతో చూడాల్సిందే. ప్రోగ్రాం ఒక్కోసారి మెదడు పైపొరను కూడా కోసేస్తుంది, అక్కడున్న మచ్చ దాంతోపాటే పోతుంది.

[తెర: యూ ఆకారంలో నెట్‌వర్క్ బొమ్మ.]

2015లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో పుట్టిన యూ-నెట్ అనే ఈ నెట్‌వర్క్ ఈ పనికి ఇప్పటికీ మంచి పునాది. శిక్షణలో తప్పును కొలవడానికి వాక్సెల్ వాక్సెల్‌కీ లెక్కేసే క్రాస్ ఎంట్రపీ ఒక్కటే పెడితే చిక్కే. 1300 మి.లీ. మెదడులో మచ్చలు 10 మి.లీ. ఉన్నాయనుకోండి. "మచ్చలే లేవు" అన్నా 99 శాతం వాక్సెల్స్ ఒప్పే! అందుకే డైస్ లాస్ కలుపుతారు. నెట్‌వర్క్ గుర్తించిన మచ్చలు అసలు మచ్చలతో ఎంత కలిశాయో 0 నుంచి 1 దాకా చెప్పేది డైస్ స్కోరు; దాని మీద కట్టిందే ఈ లాస్.

అయితే డైస్‌ను కూడా గుడ్డిగా నమ్మకండి. ఈ లెక్క నిదానంగా చూడండి.

[తెర: అంకెలు ఒక్కొక్కటిగా.]

వాక్సెల్ 1 మి.మీ. ఘనం అయితే 10 మి.లీ. అంటే 10,000 వాక్సెల్స్. 3 మి.మీ. వ్యాసమున్న గుండ్రటి కొత్త మచ్చ సుమారు 14 వాక్సెల్స్. నెట్‌వర్క్ పాతవన్నీ అచ్చంగా పట్టి, ఈ కొత్తదాన్ని వదిలేసింది. డైస్ ఎంత? రెండింటిలోనూ కలిసిన వాక్సెల్స్‌కు రెట్టింపును, నెట్‌వర్క్ గుర్తించినవీ అసలువీ కలిపిన మొత్తంతో భాగించాలి. 20,000ని 20,014తో భాగిస్తే 0.9993. డాక్టర్ మందు మార్చాలా వద్దా అని ఆలోచించేది ఆ 14 వాక్సెల్స్ చూసే! కాబట్టి మచ్చల్ని విడివిడిగా లెక్కపెట్టండి: ఎన్ని దొరికాయి, ఎన్ని తప్పాయి, లేనివి ఎన్ని చూపించింది.

డేటాను మనిషివారీగా విడగొట్టండి, పొరలవారీగా కాదు. ఒకే మనిషి పక్కపక్క పొరలు శిక్షణలోనూ పరీక్షలోనూ పడితే స్కోరు ఉత్తుత్తిగా పెరుగుతుంది. నెట్‌వర్క్‌కి జవాబుగా చూపించే మచ్చల హద్దులు గీసేది కూడా ఒక్కరే కాకూడదు. ఈ మచ్చల్ని ప్రోగ్రాంలతో గుర్తించే 2016 ఎంఎస్‌సెగ్ పోటీలో 53 మంది రోగుల స్కాన్లలో ఒక్కోదానికీ ఏడుగురు నిపుణులు విడివిడిగా గీశారు. మచ్చ ఎక్కడ ఆగుతుందో నిపుణులకే ఒక్క మాట కుదరదు మరి.

[తెర: ఒకే చోటు, 1 మి.మీ. స్కాన్, 5 మి.మీ. స్కాన్ పక్కపక్కన.]

పాత, కొత్త స్కాన్లు పోల్చేముందు పొర మందం చూడండి. ఎడమవైపు 3 మి.మీ. మచ్చ స్పష్టంగా ఉంది. కుడివైపు 5 మి.మీ. పొరలో పక్క కణజాలంతో కలిసి వెలిసిపోయింది. నెట్‌వర్క్ దీన్ని "మచ్చ తగ్గింది" అని రాసేస్తుంది. మందాలు వేరైతే ఆ జతను పోలికలోంచి తీసేసి, మళ్లీ 1 మి.మీ. త్రీడీ ఫ్లెయిర్ తీయమని అడగండి.