పెళ్లి వీడియోకి కెమెరా కొంటున్నారా? ముందు కార్డు తలుపు తెరిచి చూడండి

నమస్తే అండి, బాగున్నారా? ఈమధ్య చాలామంది తమ్ముళ్లు ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఇన్నాళ్లూ ఫొటో కెమెరాతోనే వీడియో లాగించేశాం. ఇప్పుడు అచ్చంగా వీడియో కెమెరా కొనాలి. ఏది తీసుకోమంటావు?" అందుకే రెండు కెమెరాలు టేబుల్ మీద పెట్టాను. ఇది సోనీ ఎన్ఎక్స్100, ఇది పానాసోనిక్ యూఎక్స్180. రెండూ కొత్త మోడళ్లేం కావు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఎక్కువగా వీటి గురించే అడుగుతున్నారు కాబట్టి వీటినే తెచ్చాను.

4కే ఉందా, జూమ్ ఎంత... అవన్నీ తర్వాత చూద్దాం. ముందు ఇక్కడ చూడండి. ఈ చిన్న తలుపు తీస్తున్నాను. లోపల మెమరీ కార్డులు పెట్టే రెండు స్లాట్లు. ఒక్క స్లాటే ఉన్న కెమెరా ఎంత చవగ్గా వచ్చినా పెళ్లి పనికి నేను కొనను, మిమ్మల్నీ కొనమనను.

ఎందుకో చెప్తాను. ఆరేళ్ల కిందట ఖమ్మం దగ్గర ఒక పల్లెలో పెళ్లి. అర్ధరాత్రి దాటాక ముహూర్తం. నా చేతిలో ఒకే స్లాట్ ఉన్న ఫొటో కెమెరా. జీలకర్ర బెల్లం అయింది, అందరూ లేచి అక్షింతలు వేస్తున్నారు. అప్పుడు స్క్రీన్ మీద కార్డు ఎర్రర్ వచ్చింది. వేరే కార్డు వేసి మళ్లీ మొదలుపెట్టాను కానీ ఆ పాత కార్డులోంచి ఏమీ రాలేదు. పెళ్లికూతురి నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. "బాబూ, మా అమ్మ అక్షింతలు వేసింది కదా, అదొక్కటైనా ఉందా?" అని అడిగారు. లేదండి. ఆ మాట ఆయనకి చెప్పడం ఎంత కష్టమో నాకే తెలుసు.

క్యాసెట్ రోజుల్లో ఈ భయం ఇంతలా లేదు. టేపు నలిగితే ఆ కాసేపటి బొమ్మే పోయేది, మిగతా గంట దక్కేది. పైగా ఆ క్యాసెట్టే మాస్టర్, బీరువాలో భద్రంగా ఉండేది. కార్డు అలా కాదు, చెరిపి మళ్లీ వాడతాం. అయినా ఇక వెనక్కి వెళ్లలేం. ఐదు క్యాసెట్లు తీస్తే కంప్యూటర్లోకి ఎక్కించడానికే ఐదు గంటలు కూర్చునేవాళ్లం. 2011 మార్చిలో జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చినప్పుడు సెండాయ్ దగ్గరున్న సోనీ ఫ్యాక్టరీ దెబ్బతింది. టీవీ వాళ్లు వాడే హెచ్‌డీక్యామ్ ఎస్ఆర్ టేపులు తయారయ్యేది అక్కడే. పెద్దపెద్ద టీవీ సంస్థలకే టేపు దొరకలేదు. చాలామంది అప్పుడే కార్డుల వైపు తొందరగా కదిలారు.

ఇక సైమల్ రికార్డింగ్. రెండు కార్డులు వేసి మెనూలో ఇది ఆన్ చేస్తే ఒకే బొమ్మ రెండింట్లోనూ పడుతుంది. రిలే అంటే వేరు, ఒకటి నిండాక రెండోదానికి వెళ్తుంది. చాలామంది రిలే పెట్టుకుని సైమల్ అనుకుంటున్నారు, ఒకసారి మెనూ తెరిచి చూసుకోండి. యూఎక్స్180లో బ్యాక్‌గ్రౌండ్ రికార్డింగ్ అని ఇంకోటుంది. ఒక స్లాట్‌లో మీరు ఆపుతూ తీస్తూ ఉంటారు, రెండో స్లాట్‌లో ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. తాళి కట్టే క్షణంలో బటన్ నొక్కడం మరిచిపోయినా బొమ్మ ఉంటుందన్నమాట.

ఫొటో కెమెరాల్లో చాలావాటికి 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆగిపోయేది కదా. దానికి పెద్ద కారణం యూరప్ కస్టమ్స్ సుంకం. అరగంట, ఆపైన తీయగలిగితే వీడియో కెమెరాగా లెక్కగట్టి పన్ను వేసేవారు. అక్కడి పన్ను లెక్క వల్ల ఇక్కడ మన తలంబ్రాలు మధ్యలో ఆగిపోయేవి! ఈ రెండింటికీ ఆ బాధ లేదు.

బొమ్మ సంగతి. రెండింట్లోనూ ఒక అంగుళం సెన్సరే. ఎన్ఎక్స్100 ఫుల్ హెచ్‌డీ వరకే, జూమ్ 12 రెట్లు, వైడ్ 29 ఎంఎం. యూఎక్స్180లో 4కే ఉంది, జూమ్ 20 రెట్లు, వైడ్ 24 ఎంఎం. పీటల ముందు పంతులుగారు, చుట్టూ చుట్టాలు, మనం నిలబడటానికి మూడడుగుల జాగా. ఈ అంకె ఎంత తక్కువైతే అంత వెడల్పుగా కనిపిస్తుంది, అందుకే అక్కడ 29కీ 24కీ తేడా బాగా తెలుస్తుంది. నాకు 4కే కంటే ఈ వైడే ముఖ్యం.

రెండింటికీ లోపలే ఎన్‌డీ ఫిల్టర్లు, అంటే లెన్సులోకి వచ్చే వెలుతురు తగ్గించే అద్దాలు ఉన్నాయి, మిట్ట మధ్యాహ్నం ఎదురుకోలుకి హాయి. రెండు ఎక్స్ఎల్ఆర్ మైక్ సాకెట్లూ ఉన్నాయి. నేను ఒకదానికి పంతులుగారి మైక్ మిక్సర్ నుంచి లైన్ తీసుకుంటాను, రెండోదానికి కెమెరా మైక్. మిక్సర్ నుంచి వచ్చేదానికి స్విచ్ 'లైన్' మీద ఉండాలి. 'మైక్' మీద వదిలేస్తే గట్టిమేళం మొత్తం పగిలిపోతుంది, ఎడిటింగ్‌లో ఎవరూ బాగుచేయలేరు.

కార్డుల లెక్క ఇప్పుడే వేసుకోండి. ఎన్ఎక్స్100లో 50 ఎంబీపీఎస్ (సెకనుకి 50 మెగాబిట్లు) అంటే గంటకి సుమారు 22 జీబీ. యూఎక్స్180లో 4కే 25పీ (సెకనుకి 25 ఫ్రేములు), 100 ఎంబీపీఎస్ అంటే 45 జీబీ. ఎనిమిది గంటల పెళ్లికి 360 జీబీ, సైమల్‌లో దానికి రెట్టింపు. కెమెరా ధరతోపాటు కార్డులకీ, రెండు హార్డ్ డిస్కులకీ కూడా డబ్బు పక్కన పెట్టుకోండి. అంతమాత్రాన బాగా వేగంగా రాసే వీ90 రకం కార్డులు అక్కర్లేదు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లే, వీ30 కార్డు సెకనుకి కనీసం 30 మెగాబైట్లు రాస్తుంది. నకిలీ కార్డులతోనే అసలు ప్రమాదం. కొత్త కార్డు కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా నింపి పరీక్షించండి, తర్వాత కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. కాపీ చేసేటప్పుడు ఒక్కో క్లిప్ లాగొద్దు, కార్డులో ఉన్న ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టే దించుకోండి.

నన్నడిగితే, డబ్బు సరిపోతే యూఎక్స్180. చేతిలో అంత లేకపోతే ఎన్ఎక్స్100 తీసుకోండి, మిగిలిన డబ్బు మంచి కార్డులకి పెట్టండి. సెకండ్ హ్యాండ్ అయితే మీ కార్డులు రెండు వెంట తీసుకెళ్లండి. మీరు తీసే ఫార్మాట్‌లోనే సైమల్ పెట్టి ఇరవై నిమిషాలు ఆగకుండా తీయండి. రెండు కార్డులూ ల్యాప్‌టాప్‌లో వేసి, చివరిదాకా చూశాకే డబ్బులివ్వండి.