తలుపు పక్కన నిలబడ్డవాళ్లు: పాత అమెరికన్ గేమ్ షోల మోడళ్లు

సభకు నమస్కారం.

సంభావ్యత పాఠం చదివినవాళ్లకు మాంటీ హాల్ సమస్య గుర్తుండే ఉంటుంది. మూడు తలుపులు. ఒకదాని వెనక కారు, రెండింటి వెనక మేకలు. మీరొక తలుపు కోరుకుంటారు. ఆట నడిపేవాడు మిగతా రెండింట్లో మేక ఉన్నదాన్ని తెరిచి చూపించి, మార్చుకుంటారా అని అడుగుతాడు. మార్చుకుంటే గెలిచే అవకాశం మూడింట రెండు వంతులు. 1975లో స్టీవ్ సెల్విన్ అనే గణాంక శాస్త్రవేత్త రాసిన లేఖతో ఈ లెక్క చర్చలోకి వచ్చింది. 1990లో మారిలిన్ వాస్ సవాంట్ 'పరేడ్' పత్రికలో జవాబు రాశాక పెద్ద పెద్ద ఆచార్యులు కూడా ఆమెతో తగాదా పడ్డారు.

ఈ లెక్కకు మూలమైన 'లెట్స్ మేక్ ఎ డీల్' 1963 డిసెంబరు 30న ఎన్‌బీసీ టీవీలో మొదలైంది. దాని నిర్వాహకుడు మాంటీ హాల్ ప్రేక్షకుల మధ్య తిరుగుతూ బేరాలాడేవాడు. ఆ తలుపుల దగ్గర నిలబడింది కారల్ మెరిల్. 1963 నుంచి 1977 దాకా ఆ చోటు ఆమెదే. తలుపు నంబరుతో పాటు ఆమె పేరు చెప్పడం, అంటే కారల్ నిలబడి ఉన్న తెర కావాలా అని అడగడం, ఆ షోలో ఒక వాడుకగా స్థిరపడింది. గణిత పుస్తకాల్లోకి కారు వెళ్లింది, మేక వెళ్లింది, మాంటీ హాల్ పేరు వెళ్లింది. కారల్ మెరిల్ వెళ్లలేదు. ఈరోజు ఆమె గురించీ, అలాంటి మరికొందరి గురించీ మాట్లాడతాను. వాళ్ల అందం గురించి చాలామంది రాశారు. నేను వాళ్లు చేసిన పని గురించి చెబుతాను, ఎందుకంటే అది కష్టమైన పని, దాన్ని బాగా చేశారు.

ముందు ఈ ఉద్యోగం ఎలా పుట్టిందో చూద్దాం. 'ది ప్రైస్ ఈజ్ రైట్' 1956 నవంబరు 26న ఎన్‌బీసీలో బిల్ కల్లెన్ నిర్వహణలో మొదలైంది. వస్తువు ధర ఊహించాలి. అసలు ధర దాటకుండా, దానికి అందరికన్నా దగ్గరగా చెప్పినవాళ్లకు ఆ వస్తువు దక్కుతుంది. జూన్ ఫెర్గూసన్, టోనీ వాలెస్ ఆ వస్తువులను చూపించేవారు. ధర ఊహించాలంటే ముందు వస్తువును సరిగ్గా చూడాలి కదా. ఫ్రిజ్‌కు ఎన్ని అరలున్నాయి, సోఫా మడిస్తే మంచం అవుతుందా, పడవకు మోటారు ఉందా, ఇవన్నీ పోటీదారుకు పదీ ఇరవై సెకన్లలో కనబడాలి. అనౌన్సర్ గొంతు వివరం చెబుతుంది, మోడల్ చెయ్యి ఆ వివరాన్ని చూపిస్తుంది. ఆమె సరిగ్గా చూపించకపోతే ఆటే నడవదు.

ఈ ఉద్యోగం పుట్టడానికి రెండో కారణం డబ్బు. ఈ బహుమతుల్లో చాలా భాగం తయారీదారులే ప్రచారం కోసం ఇచ్చేవారు. దానికి బదులుగా వాళ్ల వస్తువు ఇన్ని సెకన్లు తెరమీద కనబడాలి, పేరు వినబడాలి. 1950ల చివర్లో క్విజ్ షోల మోసం బయటపడింది. జవాబులు ముందే చెప్పి ఆడించారని తేలింది, 1959 నవంబరులో క్విజ్ విజేత చార్ల్స్ వాన్ డోరెన్ అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. 1960లో చట్టం సవరించి, ఇలాంటి ఆటల్లో ఫలితం ముందుగా కుదర్చడాన్ని నేరం చేశారు. ప్రసారంలో వస్తువు చూపించడానికి ప్రతిఫలం తీసుకుంటే ఆ సంగతి చెప్పాలన్న నిబంధననూ గట్టి చేశారు. షో చివర వేగంగా దొర్లే ప్రచార ప్రతిఫలం ప్రకటనల మూలం అక్కడే ఉంది. మోడల్ ఈ రెండు కట్టుబాట్ల మధ్య పనిచేసేది. వస్తువును పూర్తిగా చూపించాలి, ఫలితం గురించి చిన్న సూచన కూడా ఇవ్వకూడదు.

కారల్ మెరిల్ పని ఇక్కడే కష్టం. మూసిన తలుపు ముందు నిలబడినప్పుడు ముఖంలో ఏమీ కనబడకూడదు. వెనక కారున్నా, పనికిమాలిన సరుకున్నా అదే నవ్వు, అదే నిలకడ. పనికిమాలినదాన్ని ఆ షోలో జాంక్ అనేవారు. తలుపు తెరిస్తే ఒక్కోసారి బతికున్న జంతువే ఉండేది. దాని పక్కన కూడా ఆమె కొత్త కారును చూపించినంత మర్యాదగా చెయ్యి చాపేది. కారున్న తలుపు ముందు నవ్వుకూ జాంక్ ఉన్న తలుపు ముందు నవ్వుకూ తేడా ఉంటే, రోజూ చూసే ప్రేక్షకుడు వారం తిరక్కుండా ఆ తేడాను పట్టేస్తాడు. పోటీదారుల్లో ఎక్కువమంది ఆ రోజూ చూసే ప్రేక్షకులే.

ఇక చెయ్యి సంగతి. వస్తువు పక్కన నిలబడినప్పుడు కెమెరాకు దూరంగా ఉన్న చేతితోనే చూపించాలి. దగ్గరి చేతిని వాడితే అది సొంత శరీరానికి అడ్డం వస్తుంది, భుజం తిరుగుతుంది, ముఖం పక్కకు పోతుంది. వేళ్లు కలిపి, అరచెయ్యి కాస్త పైకి తిప్పి, వస్తువు అంచు వెంట నెమ్మదిగా జరపాలి. తాకకూడదు, తాకితే మెరిసే లోహం మీద వేలిముద్ర పడి దగ్గరి షాట్‌లో కనబడుతుంది. కంపెనీ పేరున్న చోట చెయ్యి పేరుకు కింద ఆగాలి, పైన కాదు. పైనుంచి వస్తే నీడ పేరు మీద పడుతుంది. అనౌన్సర్ "తలుపులో గుడ్ల అర" అన్నప్పుడు చెయ్యి అప్పటికే అక్కడ ఉండాలి, మాట వెనక పరుగెత్తకూడదు. అందుకే మాటల వేగం ముందే తెలిసుండాలి. ఆ కాలపు ఆరితేరిన అనౌన్సర్ జానీ ఓల్సన్‌తో ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లకు అతను ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో తెలుసు.

చెయ్యి ఎంత దూరం చాపాలన్నదానికీ లెక్కుంది. పాత పిక్చర్ ట్యూబు టీవీలు బొమ్మ అంచులను కొంత మింగేసేవి. స్టూడియో మానిటర్‌లో చక్కగా కనబడే వేలికొస ఇంట్లో టీవీలో తెగిపోయేది. కాబట్టి చాపిన చెయ్యి ఫ్రేము అంచుకు బాగా లోపలే ఉండాలి. మోచెయ్యి కొంచెం వంచి పెట్టడం ఆ పద్ధతిలో భాగం.

బట్టలూ అంతే. అమెరికన్ రంగుల ప్రసార విధానంలో సన్నటి చారల చీటీగుడ్డ వేసుకుంటే ఆ చారల మీద లేని ఇంద్రధనుస్సు రంగులు పాకుతూ కనిపించేవి. తెల్లటి తెలుపు కాంతికి ఉబ్బిపోయి మడతలు మాయమయ్యేవి, పక్కనున్న ముఖం నల్లబడేది. ఆనాటి ట్యూబు కెమెరాల్లో పెద్ద మెరుపు కదిలితే దాని వెనక ఎర్రటి తోకలా ఒక గీత మిగిలేది. నగల దుకాణం సరుకు చూపించేటప్పుడు చెయ్యి మరీ నెమ్మదిగా కదలడానికి అదొక కారణం. పాత టేపుల్లో ఆ తోకలు ఇప్పటికీ చూడొచ్చు.

అన్నిటికన్నా ప్రమాదం కదిలే వేదికలతో. తిరిగే పళ్లెం మీద వస్తువుతో పాటు మోడల్ కూడా నిలబడి వస్తుంది. మొదలైనప్పుడూ ఆగినప్పుడూ కుదుపుంటుంది. పాదాలు కాస్త ఎడంగా పెట్టి, బరువు తనమీదే ఉంచుకోవాలి. చక్రాలున్న వస్తువు మీద వాలితే అదీ ఆమే కలిసి జారతారు. ఎత్తు మడమల చెప్పులతో, నవ్వు చెదరకుండా, కాళ్ల వైపు చూడకుండా ఇదంతా చెయ్యాలి. 1988లో 'ది ప్రైస్ ఈజ్ రైట్' చిత్రీకరణలో కదులుతున్న కెమెరా తగిలి జానిస్ పెనింగ్టన్ వేదిక మీదనుంచి కింద పడింది. భుజానికి శస్త్రచికిత్సలు జరిగాయి. కోలుకుని మళ్లీ అదే వేదిక మీదికి వచ్చి, 2000 దాకా చేసింది.

జానిస్ గురించి ఇంకొంచెం చెప్పాలి. 1972 సెప్టెంబరు 4న సీబీఎస్‌లో బాబ్ బార్కర్ నిర్వాహకుడిగా ఈ షో మళ్లీ మొదలైనప్పుడు ఆమె, అనిట్రా ఫోర్డ్ ఇద్దరే మోడళ్లు. లాస్ ఏంజిలిస్‌లో సీబీఎస్ టెలివిజన్ సిటీ, స్టూడియో 33. ఆమె భర్త ఫ్రిట్జ్ స్టామ్‌బెర్గర్ పర్వతారోహకుడు. 1975లో పాకిస్తాన్‌లోని తిరిచ్ మీర్ శిఖరానికి వెళ్లి తిరిగి రాలేదు. ఆమె ఏళ్ల తరబడి ఆయన కోసం వెతుకుతూనే ఉంది, ఉదయం ప్రసారాల్లో ఫ్రిజ్‌లూ కార్లూ చూపిస్తూనే ఉంది. సరిగ్గా ఆ ఏడాదే, 1975 నవంబరులో, షో అరగంట నుంచి గంటకు పెరిగింది. ఆరు వస్తువులకు వేలంపాటలు, ఆరు ధరల ఆటలు, చివర రెండు షోకేసులు, అంటే కలిపి ఇచ్చే పెద్ద బహుమతులు. డయాన్ పార్కిన్సన్ 1975లోనూ, హాలీ హాల్‌స్ట్రమ్ 1977లోనూ చేరారు. షోకేసుల్లో చిన్న చిన్న నాటికలుండేవి, వాటిలో మోడళ్లే నటులు. హాస్యం పండించడంలో హాలీది గట్టి చెయ్యి. 1990లో కాథ్లీన్ బ్రాడ్లీ వచ్చింది. ఆ షోలో శాశ్వత మోడలైన మొదటి నల్లజాతి మహిళ ఆమె. మొదలైన పద్దెనిమిదేళ్లకు గానీ అది జరగలేదన్నది మర్చిపోకూడని విషయం.

వీళ్లందరినీ కలిపి "బార్కర్ సుందరీమణులు" అన్న అర్థంలో ఒకే పేరుతో పిలిచేవారు. మనిషి పేరు పోయి యజమాని పేరు మిగిలే పిలుపు అది. ఆ ఉద్యోగంలో భద్రత ఎంత తక్కువో తర్వాతి కోర్టు కాగితాలు చెబుతాయి. డయాన్ 1993లో మానేసి, 1994లో బార్కర్ మీద లైంగిక వేధింపుల దావా వేసింది. అది ఇద్దరి ఇష్టంతో సాగిన సంబంధమని ఆయన అన్నాడు. 1995లో ఆమె దావా ఉపసంహరించుకుంది. హాలీ 1995లో బయటికి వచ్చింది. మందుల వల్ల బరువు పెరిగినందుకే తీసేశారని ఆమె ఆరోపణ, షో వాళ్లు కాదన్నారు. పదేళ్లు నడిచిన ఆ వ్యాజ్యం 2005లో రాజీతో ముగిసింది.

'వీల్ ఆఫ్ ఫార్చ్యూన్' దారి వేరు. పలక మీద దాచిన పదబంధాన్ని ఒక్కో అక్షరం చెబుతూ కనిపెట్టే ఆట అది. 1975 జనవరి 6న మొదలైనప్పుడు అక్షరాలు తిప్పింది సూజన్ స్టాఫర్డ్. 1982 డిసెంబరులో వానా వైట్ వచ్చింది. (అంతకు రెండేళ్ల ముందు ఆమె 'ది ప్రైస్ ఈజ్ రైట్'లో పోటీదారుగా కూర్చుంది.) అప్పటి పలక పూర్తిగా యాంత్రికం. ప్రతి గడిలో మూడు ముఖాల పట్టకం ఉండేది. ఒక ముఖం వాడని గడికి, ఒకటి తెల్లగా ఖాళీ, ఒకటి అక్షరం. 1981 చివరి నుంచి నాలుగు వరుసల్లో 11, 13, 13, 11 చొప్పున 48 గడులు. పోటీదారు అక్షరం చెబితే ఆ గడుల చుట్టూ దీపాలు వెలుగుతాయి, ఆమె నడిచి వెళ్లి చేత్తో తిప్పుతుంది. ఒక పదబంధం అయిపోయాక చిత్రీకరణ ఆపి, పలకను పక్కకు తీసుకెళ్లి, కొత్త అక్షరాలు చేత్తో ఎక్కించాలి. 1997లో 52 తెరల ఎలక్ట్రానిక్ పలక వచ్చాక ఆ ఆలస్యం పోయింది. తిప్పడం పోయి తాకడం మిగిలింది. యంత్రమే అక్షరం చూపించగలిగినప్పుడు మనిషెందుకన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. నిర్వాహకుడు పాట్ సేజాక్ 2024లో విరమించుకున్నాక కూడా ఆమె అక్కడే ఉంది. ప్రేక్షకుడి చూపును సరైన గడికి సరైన క్షణంలో తీసుకెళ్లేది ఆమె నడకే కాబట్టి, నా అభిప్రాయంలో ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

ఈ పనికి కోర్టు కూడా ఒక విలువ కట్టింది. శామ్‌సంగ్ సంస్థ తన వీడియో రికార్డర్ల ప్రకటనలో ఒక రోబోకు బంగారు రంగు విగ్గు, గౌను, నగలు పెట్టి, అక్షరాల పలక పక్కన నిలబెట్టింది. వానా వైట్ పేరు లేదు, ఫొటో లేదు, అనుమతీ లేదు. కింది కోర్టు శామ్‌సంగ్ పక్షాన తీర్పిచ్చింది. 1992లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని తిప్పింది. ఆ గౌను, ఆ విగ్గు, ఆ పలక దగ్గర నిలబడిన తీరు కలిస్తే చూసేవాళ్లకు తట్టేది ఒకే మనిషి, కాబట్టి ఆమె గుర్తింపును వాడుకున్నట్టేనని దాని తర్కం. తర్వాత జ్యూరీ 4,03,000 డాలర్లు ఇప్పించింది. అమెరికాలో ప్రసిద్ధుల ప్రచార హక్కు గురించి చదివే న్యాయ విద్యార్థులు ఈ కేసు ఇప్పటికీ చదువుతారు. తీర్పును తీవ్రంగా విమర్శించిన న్యాయమూర్తులూ ఉన్నారు, అదీ చదవదగ్గదే.

ఇంత చేసినవాళ్ల పని మనకు చూడ్డానికి ఎందుకు తక్కువగా మిగిలింది? రెండంగుళాల వీడియో టేపు ఆ రోజుల్లో ఖరీదైనది. పగటి ప్రసారాలను ఒకసారి వేశాక చెరిపేసి మళ్లీ వాడుకునేవారు. ఎన్‌బీసీ కాలపు 'లెట్స్ మేక్ ఎ డీల్', పగటి 'వీల్ ఆఫ్ ఫార్చ్యూన్' చాలావరకు అలా పోయాయి. మిగిలిన టేపులకూ చిక్కుంది. 1970ల్లో బొచ్చు కోట్లు తరచూ ఇచ్చే బహుమతి. మోడళ్లు వాటిని వేసుకుని చూపించేవారు. బార్కర్ జంతుహక్కుల వాదిగా మారి, 1980ల మొదట్లో వాటిని ఆపించాడు. ఆ కోట్లున్న పాత ఎపిసోడ్లు పునఃప్రసారం కావడమూ ఆయనకు ఇష్టం లేదు. అందుకే అనిట్రా ఫోర్డ్ పని, జానిస్ తొలి పదేళ్ల పని చాలావరకు బీరువాల్లోనే ఉండిపోయాయి.

కాబట్టి ఇళ్లలో రికార్డు చేసిన టేపులకు విలువ ఉంది. ఎవరి దగ్గరైనా తేదీ లేని క్లిప్ ఉంటే మోడళ్లను బట్టే కాలం పట్టుకోవచ్చు. జానిస్‌తో అనిట్రా ఉంటే అది 1972 నుంచి 1976 లోపు. డయాన్ ఉండి హాలీ లేకపోతే, షో గంట నిడివిదైతే, 1975-77 మధ్యది అయ్యే అవకాశం ఎక్కువ. నిర్వాహకుడు డెనిస్ జేమ్స్ అయితే అది 1972-77 నాటి వారపు రాత్రి ప్రసారం. జానీ ఓల్సన్ గొంతుంటే ఆయన మరణించిన 1985 కన్నా చాలా తర్వాతిది కాదు. బార్కర్ జుట్టు తెల్లగా ఉంటే 1987 తర్వాతిది. ఒక్క గుర్తుతో తేల్చకండి, సెలవు పెట్టిన మోడల్ స్థానంలో ఇంకొకరు రావడం మామూలే. కనీసం రెండు గుర్తులు కలవాలి.

టేపును వెంటనే ఆడించకండి. రీలు అంచున తెల్లటి లేదా బూడిదరంగు పొడి కనిపిస్తే అది బూజు. మామూలు యంత్రంలో పెడితే టేపును చదివే హెడ్లు పాడవుతాయి, ఆ యంత్రంలో తర్వాత పెట్టే ప్రతి టేపుకూ అంటుకుంటుంది. శుభ్రంగా ఉంటే మొదట క్యాసెట్ వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ రికార్డింగ్ పలుకును విరగ్గొట్టండి, పొరపాటున చెరిగిపోకుండా. తర్వాత ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు ఆడిస్తూ కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ప్రకటనలు కత్తిరించకండి, తేదీ పట్టిచ్చేది చాలాసార్లు అవే. ఫైలు పేరులో షో పేరు, నిర్వాహకుడి పేరు అందరూ రాస్తారు. మూడో గడిలో మోడళ్ల పేర్లు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాయండి. గుర్తుపట్టలేనివాళ్లుంటే ఆ గడిని ఖాళీగా వదలకుండా, ఏ నిమిషంలో ఏ బహుమతి పక్కన కనిపించారో రాసి పెట్టండి.