చెవి గుర్తు ఉందా? పాత బ్లూ నోట్ ఎల్పీని చదవడం ఎలా

[దృశ్యం: టేబుల్ లైటు కింద నల్లటి ఎల్పీ. అంచును రెండు అరచేతుల మధ్య పట్టుకొని ఎవరో మెల్లగా అటూ ఇటూ వాలుస్తున్నారు. సంగీతం లేదు.]

జాజ్ రికార్డులు సేకరించేవాళ్ళ చేతికి పాత ప్లేటు ఒకటి ఇచ్చి చూడండి. అట్ట మీది ఫోటోను తర్వాత చూస్తారు. ముందు ప్లేటు బయటికి తీసి, లైటు కిందికి తెచ్చి, గాడులు అయిపోయిన చోటికీ లేబుల్‌కీ మధ్య ఉన్న నున్నటి పట్టీని వెతుకుతారు. పాట అయిపోయాక ముల్లు ఊరికే తిరిగే జాగా అది. దాన్ని డెడ్ వాక్స్ అంటారు. ఆ ప్లేటు ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అక్కడే రాసి ఉంటుంది.

చూపించడానికి ఒకే కంపెనీని తీసుకుందాం: న్యూయార్క్ బ్లూ నోట్. బెర్లిన్ నుంచి వలస వచ్చిన ఆల్ఫ్రెడ్ లయన్ 1939లో మొదలుపెట్టాడు. అదే ఊరి స్నేహితుడు, ఫోటోగ్రాఫర్ ఫ్రాన్సిస్ వుల్ఫ్ వచ్చి చేరాడు. ప్లేటుగా శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 'బ్లూ ట్రేన్' పెట్టుకుందాం. నంబరు బీఎల్పీ 1577, రికార్డు చేసింది 1957 సెప్టెంబర్ 15న.

[దృశ్యం: డెడ్ వాక్స్ క్లోజప్. ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా పడుతోంది.]

టార్చిని నిటారుగా కొట్టకండి, ఏమీ కనబడదు. ప్లేటుకు దాదాపు సమాంతరంగా, పక్కనుంచి వెయ్యండి. గీతల నీడలు లేస్తాయి. ముందు కనబడేది నంబరు, దాని పక్కన ఏ వైపో చెప్పే అక్షరం. ఇంకొంచెం తిప్పితే మూడు అక్షరాలు: ఆర్‌వీజీ. కొన్నిటి మీద చేత్తో గీసి ఉంటాయి, కొన్నిటి మీద అచ్చు గుద్ది ఉంటాయి. తర్వాతి వాటి మీద 'వాన్ గెల్డర్' అని పూర్తి పేరు కూడా కనిపిస్తుంది.

అవి సౌండ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ పేరులోని అక్షరాలు. అతను చదువుకున్నది ఆప్టోమెట్రీ. పగలు కళ్ళు పరీక్షించి అద్దాలు రాసేవాడు. న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందు గదినే స్టూడియో చేసుకున్నాడు. 'బ్లూ ట్రేన్' అక్కడే రికార్డయింది. 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. టేపు మీద రికార్డు చెయ్యడమే కాదు, ప్లేటుకు మూలమైన గాడి కొయ్యడం కూడా తనే చేసేవాడు. అందుకే ఆ మూడు అక్షరాలకు అంత విలువ. రికార్డింగ్ రోజు గదిలో ఉన్న చెవులే గాడి కోసేటప్పుడూ ఉన్నాయన్నమాట.

[దృశ్యం: బొమ్మ. లాకర్, ఫాదర్, మదర్, స్టాంపర్, ప్లేటు. బాణాలతో.]

ఇక్కడ తయారీ కాస్త తెలియాలి, లేకపోతే గుర్తులు తికమక పెడతాయి. అల్యూమినియం పలక మీద లాకర్ పూత ఉంటుంది. గాడిని మొదట దాని మీద కోస్తారు. ఆర్‌వీజీ అక్షరాలు పడేది అక్కడే. దాని మీద పల్చగా వెండి పూసి, నికెల్ ఎక్కించి ఒలిస్తే వచ్చేది ఫాదర్, అంటే తిరగబడిన అచ్చు. ఫాదర్ నుంచి మదర్, మదర్ నుంచి స్టాంపర్. ఆ స్టాంపర్‌ను ప్రెస్సులో బిగించి వేడి వినైల్‌ను ఒత్తితే ప్లేటు తయారు. అంటే లాకర్ మీది గీత ఎన్నేళ్ళ తర్వాతైనా, ఏ ఫ్యాక్టరీలో ఒత్తినా ప్లేటు మీదికి వస్తూనే ఉంటుంది. ఆర్‌వీజీ ఉన్నంత మాత్రాన తొలి ముద్రణ అయిపోదు.

అసలు సాక్ష్యం రెండో గుర్తు. ఆ రోజుల్లో బ్లూ నోట్ ప్లేట్లను ఒత్తింది న్యూజెర్సీ నార్త్ ప్లెయిన్‌ఫీల్డ్‌లోని ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ. (ఎడిసన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళకు అది దగ్గరి ఊరే.) వాళ్ళు వంకర తిరిగిన 'పీ' అక్షరం ఒకటి గుద్దేవాళ్ళు. చూడ్డానికి మనిషి చెవిలా ఉంటుంది కాబట్టి సేకరించేవాళ్ళంతా దాన్ని 'చెవి' అనే పిలుస్తారు. కొన్నిటి మీద లోతుగా, కొన్నిటి మీద ఊపిరి వదిలితే ఆవిరిలో మాత్రమే తేలేంత పల్చగా ఉంటుంది. రెండు వైపులా ప్లేటును పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడనిదే లేదని తేల్చకండి.

[దృశ్యం: నాలుగు లేబుళ్ళు పక్కపక్కన. నీలం, తెలుపు.]

ఇప్పుడు లేబుల్. దాని మీద అడ్రసు చదవండి. మొదట లెక్సింగ్టన్ అవెన్యూ 767. 1957 నుంచి వెస్ట్ 63వ వీధి, 47వ నంబరు. 1962 ప్రాంతం నుంచి వీధి పేరు పోయి 'న్యూయార్క్, యూఎస్ఏ' మిగిలింది. 1966 తర్వాతి వాటి మీద 'లిబర్టీ రికార్డ్స్ విభాగం' అని చేరింది, ఎందుకంటే అప్పటికి లయన్ కంపెనీని లిబర్టీకి అమ్మేశాడు.

దీన్నిబట్టి మన 1577కి 63వ వీధి అడ్రసు ఉండాలి. 'న్యూయార్క్, యూఎస్ఏ' ఉంటే 1962 తర్వాత మళ్ళీ ఒత్తినది.

మోసపోయేది ఇక్కడే. లిబర్టీ చేతికి వచ్చాక కూడా గోదాములో మిగిలిన పాత లేబుళ్ళనూ పాత అట్టలనూ వాడేశారు. అందుకని 'న్యూయార్క్, యూఎస్ఏ' లేబుల్ ఉండి, ఆర్‌వీజీ కూడా ఉండి, చెవి మాత్రం లేని ప్లేట్లు బోలెడు. అవి లిబర్టీ కాలంవి. తెలిసి అమ్మేవాళ్ళు ఆ మాట చెబుతారు. తెలియనివాళ్ళు లేబుల్ ఫోటో ఒక్కటే పెట్టి 'ఒరిజినల్' అని రాస్తారు. ఆన్‌లైన్‌లో కొంటుంటే రెండు వైపుల డెడ్ వాక్స్ ఫోటోలు అడగండి. పంపకపోతే ఆ ధరకు తీసుకోకండి.

లేబుల్ మీద వేలితో తడిమితే తగిలే గుండ్రటి పల్లం ఉంటుంది, డీప్ గ్రూవ్. పాత ప్రెస్సు అచ్చుల వల్ల పడేది. 1960ల మొదట్లో అచ్చులు మారుతూ వచ్చాయి, కొన్ని ప్లేట్లకు ఒక వైపే ఉంటుంది. అది అదనపు సాక్ష్యమే. దాన్నొక్కదాన్నే నమ్మి డబ్బు పెట్టకూడదు. లోపలి కాగితం సంచిని అసలు లెక్కలోకే తీసుకోవద్దు, అది ఎవరైనా మార్చెయ్యగలరు.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. వినడం కోసమైతే చెవి ఉన్న రెండో, మూడో ముద్రణ కొనండి. డెడ్ వాక్స్‌లో అదే నంబరు, అదే ఆర్‌వీజీ ఉంటే వాన్ గెల్డర్ కోసిన గాడే మీకు వస్తోంది. అడ్రసు మారినందుకు ట్రంపెట్ మారదు, ధర మాత్రం బాగా తగ్గుతుంది.

[దృశ్యం: ప్లేటు తిరుగుతోంది. టిక్... టిక్... శబ్దం.]

గుర్తులన్నీ సరిపోయినా ప్లేటు అరిగిపోయి ఉండొచ్చు. ఆ కాలపు ఇంటి ప్లేయర్లలో ముల్లు బరువు 5 గ్రాములు దాటేది, మొద్దుబారినా మార్చేవాళ్ళు కాదు. అరుగుదల కంటికి సరిగ్గా కనబడదు. ట్రంపెట్ గట్టిగా పలికే చోట, అందులోనూ వైపు చివరి పాటలో, బరబరమనే శబ్దం వస్తే గాడి గోడ చెడినట్టే. చివర్లోనే ఎందుకంటే, 33⅓ వేగంలో బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి జరుగుతుంది, లోపలికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంతే శబ్దాన్ని సగం కన్నా తక్కువ పొడవులో ఇరికించాలి. కొనే ముందు ఒక్క నిమిషమే వినే వీలుంటే ఆ చివరి నిమిషమే వినండి.

గీత వల్ల వచ్చే టిక్‌ను కాలంతో పట్టుకోవచ్చు. ఒక చుట్టుకు 1.8 సెకన్లు. సరిగ్గా ఆ వ్యవధిలో టిక్ తిరిగి వస్తుంటే గీత గాడులకు అడ్డంగా ఉంది. పదిసార్లు వస్తే పద్దెనిమిది సెకన్లలో వదిలిపోతుంది, భరించవచ్చు. వ్యవధి లేకుండా చిటపటమంటే చాలామట్టుకు మురికి, కడిగితే పోతుంది. గోరు కొసతో తేలిగ్గా రాస్తే తగిలే గీత మాత్రం పోదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. 1577 తొలి ముద్రణ మోనో. మోనో గాడిలో సంగీతం పక్కలకే కదులుతుంది, పైకీ కిందికీ వచ్చే కదలిక దుమ్ముదీ అరుగుదలదీ. స్టీరియో కార్ట్రిడ్జ్, అంటే ముల్లు కదలికను శబ్ద సంకేతంగా మార్చే భాగం, ఆ రెంటినీ ఎత్తుకుంటుంది. ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ ఉంటే నొక్కండి, నిలువు శబ్దం అక్కడికక్కడే రద్దవుతుంది, సగం చిటపట పోతుంది. ఇలాంటి ప్లేట్లు ఇరవై ముప్పై పోగయ్యాక విడిగా మోనో కార్ట్రిడ్జ్ కొనుక్కోవచ్చు. ఆ కాలపు మోనో ముల్లు కొస వ్యాసార్థం సుమారు 25 మైక్రాన్లు, గుండ్రటి స్టీరియో ముల్లుది 18. వెడల్పు ముల్లు గాడిలో కాస్త ఎత్తున కూర్చుంటుంది కాబట్టి అడుగున చేరిన గరుకు దానికి తగలదు.

[దృశ్యం: తెల్లటి మైక్రోఫైబర్ గుడ్డ, చిన్న సీసా, ప్లేటు.]

కడగడానికి డిస్టిల్డ్ వాటర్ మూడు పాళ్ళు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక పాలు. కొళాయి నీళ్ళు వద్దు, ఉప్పు గాడిలో మిగిలిపోతుంది. లేబుల్ తడవకుండా, గాడి వెంబడే గుండ్రంగా తుడవండి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడిచి, నిలబెట్టి ఆరనివ్వండి. ఇది వినైల్‌కే. ఇంట్లో తాతల నాటి 78 ప్లేట్లుంటే ఆల్కహాల్ చుక్క కూడా తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

విశాఖ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో ఉండేవాళ్ళకు అసలు శత్రువు తేమ. వర్షాకాలంలో అట్టకు బూజు పడుతుంది, అది ప్లేటుకూ అంటుకుంటుంది. పీవీసీ కవర్లు వాడకండి, ఏళ్ళు గడిచేకొద్దీ వినైల్ మీద మసక పొర దించుతాయి. పాలిథిన్ లోపలి సంచులు మంచివి. బీరువాలో నిటారుగా, మరీ బిగించకుండా నిలబెట్టండి. వంద ఎల్పీలు అట్టలతో కలిపి సుమారు పాతిక కిలోలు, మామూలు పుస్తకాల అర కుంగిపోతుంది. ప్రతి అడుగుకూ ఒక నిలువు పలక పెట్టించండి. మే నెల ఎండలో నిలిపిన కారులో ప్లేటును ఒక గంట కూడా వదలకండి. ఒకసారి వంగితే మునుపటిలా కాదు.

[దృశ్యం: బీరువా అర. నంబర్ల వరుసలో అట్టల వెన్నులు. 1577 తన చోటికి వెళ్తుంది.]

సర్దేటప్పుడు కళాకారుడి పేరుతో కాకుండా నంబరు వరుసలో సర్దండి. 1500ల వరుస, దాని తర్వాత 4000ల వరుస. స్టీరియోవైతే 1500లవి 81తో, 4000లవి 84తో మొదలవుతాయి, వాటికి వేరే అర. ఒక చిన్న కాగితం మీద పెన్సిల్‌తో మూడు విషయాలు రాసి అట్టలో పెట్టుకోండి: అడ్రసు, చెవి రెండు వైపులా ఉందా, చివరి నిమిషం ఎలా పలికింది.